పదివేలకు ముందు రాయని మాట

నిన్న సాయంత్రం మనవరాలు బడి నుంచి వచ్చి ఒక కాగితం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. నగరం అంచున సుచిత్ర దగ్గర మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను అప్పుడు. కాగితం మధ్యలో నిలువు గీత. గీతకు ఒక పక్క ఫార్మల్, ఇంకో పక్క ఇన్‌ఫార్మల్. పైన కలగాపులగంగా కొన్ని మాటలు. అబౌట్, అరౌండ్, రఫ్లీ, ఆర్ సో, అప్రాక్సిమేట్లీ. లెక్క కచ్చితంగా తెలియనప్పుడు అంకెకు అటో ఇటో తగిలించే మాటలవి. మనం సుమారు అంటామే, అదే. ఏది ఏ పక్కకు వెళ్తుందో పిల్ల రాయాలి.

"అమ్మమ్మా, నువ్వు ఆఫీసులో ఇంగ్లీష్ లెటర్స్ రాసేదానివి కదా. చెప్పవా?"

చెప్పొచ్చు. ముప్పై ఏళ్ళు ఆఫీసు ఉత్తరాలు రాసినదాన్ని. ఏ అంకె రాసినా ముందు 'అప్రాక్సిమేట్లీ' పెట్టనిదే నా చెయ్యి ముందుకు కదిలేది కాదు. "మేడమ్ గారి రిటైర్మెంటు తేదీ కూడా అప్రాక్సిమేట్లీయే" అని సెక్షన్లో వాళ్ళు నవ్వుకునేవారు. నేనూ నవ్వేదాన్ని. ఎందుకలా రాస్తానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే భయం. యాభై ఏళ్ళు దాటినా ఆ కాగితం చూడగానే చేతిలో చిక్కుడుకాయ జారి కిందపడింది.

మా ఊరు శామీర్‌పేటకు కొంచెం ఇవతల. అందరికీ తెలిసిన పెద్ద చెరువు వేరు. మాకు ఊరి వెనక చిన్న కుంట ఒకటి ఉండేది. ఇప్పుడక్కడ కుంటా లేదు, కట్టా లేదు. పెద్ద గేటు, గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కాపలా మనిషి, లోపల ఒకే రంగు వేసిన ఇళ్ళు. ఒకసారి ఆటో ఆపించుకుని దిగి నిలబడితే "ఎవరు కావాలమ్మా?" అని అడిగాడు. ఎవరని చెప్పను? మళ్ళీ ఆటో ఎక్కి వచ్చేశాను.

ఆ కుంటలో చేపలు పట్టుకునే ముప్పై ఇళ్ళలో మాదొకటి. వాకిట్లో దండెం మీద బట్టలకన్నా వలలే ఎక్కువ వేలాడేవి. ఎండేసిన పరక చేపల వాసన, తడి వల వాసన, తుంగ వాసన, పొయ్యి మీద చింతపులుసు వాసన. బడిలో పిల్లలు ముక్కు మూసుకునేదాకా మా ఇంటికో వాసన ఉందని నాకు తెలియనే తెలియదు.

నాయినకు కుంటే లోకం. తెల్లారకముందే పోయి, ఎండెక్కేసరికి వచ్చి, నా చేతిలో ఏదో ఒకటి పెట్టేవాడు. ఒకనాడు తామరగింజలు, ఒకనాడు తాబేలు పిల్ల. అవ్వ, అంటే నాయిన తల్లి, ఇంటిని నడిపేది. మా అవ్వకు లెక్క పెట్టడమంటే గిట్టదు. కోడిపిల్లల్ని లెక్కపెడితే గద్ద తన్నుకుపోతుందట. మనుషుల తలలు లెక్కపెడితే ఆయుష్షు తగ్గుతుందట. గంపలో చేపల్ని వేలితో చూపిస్తూ నేను ఒకటి, రెండు అన్నానా, చేతి మీద ఠపీమని ఒక్కటి పడేది.

"నీళ్ళల్ల చేపకు లెక్కేందే? గంగమ్మ ఇచ్చినన్ని ఇస్తది. గంపెడు అను, దోసెడు అను. గంతే."

ఇంటికి ఎంతమంది చుట్టాలు వచ్చారంటే 'ఇంటినిండ' అనేది. ఉప్పు 'చిటికెడు', జొన్నపిండి 'చారెడు', దుఃఖం 'గంపెడు'. ఆమె లెక్కన కచ్చితమైన అంకె చెప్పేవాడు గర్విష్ఠి, లేకపోతే అబద్ధాలకోరు.

బడిలో లోకం వేరు. మా ఇంగ్లీషు సారుది కోస్తా వైపు ఊరు. మేడ్చల్‌లో అద్దెకుండి సైకిల్ మీద వచ్చేవారు. తెల్లటి చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో కానుగ బెత్తం. ఆరో తరగతిలో నాకు ఏబీసీడీలు వచ్చాయంటే ఆయన చలవే. చలిజ్వరం వచ్చినా ఆయన చలవే.

ఏడో తరగతిలో ఒక రోజు నేను రాసిన సెలవుచీటీని ఆయన క్లాసులో గట్టిగా చదివారు. నాకు రెండు రోజులో ఏమో జ్వరం అని అర్థం వచ్చేలా 'టూ డేస్ ఆర్ సో' అని రాశాను. ఆ ముక్క ఎక్కడో విని, గొప్పగా ఉందని పెట్టుకున్నాను.

"ఏమ్మా, హెడ్మాస్టరు గారు నీ పక్కింటి స్నేహితురాలా? ఆయనకు 'ఆర్ సో' అని రాస్తావా?"

బోర్డు మీద నిలువుగా గీత గీశారు. ఎడమ పక్క 'ఇంటి మాటలు' అని రాసి అబౌట్, అరౌండ్, ఆర్ సో వేశారు. కుడి పక్క 'ఆఫీసు మాటలు' అని రాసి అప్రాక్సిమేట్లీ అని ఒక్కటే వేశారు. ఆ మాట జెర్రిలా బోర్డు అంచుదాకా పాకింది.

"పెద్దలకు రాసే కాగితంలో ఎడమ పక్క మాట కనబడిందో, చెయ్యి వాస్తుంది. చదువు దీన్ని."

చదవబోయి మధ్యలో ఆగిపోయాను. వెనక బెంచీలవాళ్ళు నవ్వారు. అరచేతిలో రెండు దెబ్బలు పడ్డాయి. ఆ మధ్యాహ్నం జొన్న గటక తినడానికి వేళ్ళు ముడుచుకోలేదు.

సరిగ్గా ఆ సాయంత్రమే చేప పిల్లలు వచ్చాయి.

తొలి వానలకు కుంట నిండగానే సర్కారు జీపులో చేప పిల్లలు తెచ్చి సంఘానికి ఇచ్చేవారు. ఉబ్బిన ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళు, నీళ్ళలో గోరంత పిల్లలు. వాటిని వెంటనే కుంటలో వదిలితే కొర్రమట్టల్లాంటి పెద్ద చేపలు మింగేస్తాయి. అందుకని కుంట మూలన సన్నకన్ను వలతో దడి కట్టి మూడు రోజులు అందులో ఉంచి, కాస్త తేరుకున్నాక దడి విప్పేవాళ్ళు. ఆ మూడు రోజులూ ఒకరు కాపలా ఉండాలి. ఆ ఏడాది వంతు మా నాయినది.

అన్నేసి పిల్లల్ని ఒక్కొక్కటీ లెక్కపెట్టడం ఎవరి తరం? దానికో చిల్లుల గిన్నె ఉండేది. ఒక గిన్నెడు తీసి తెల్ల పళ్ళెంలో పోసి లెక్కపెడతారు. ఆ సారి రెండు వందలు తేలాయి. ఇక అక్కణ్ణుంచి గిన్నెల లెక్కే. గిన్నె ముంచేది సంఘం పెద్ద, అందరం తాతా అని పిలిచే ముసలాయన. మొదటి గిన్నెను ఒకటి అనకూడదు. వడ్లు కొలిచినట్టే "లాభం" అనేవాడు. తర్వాత రెండు, మూడు. మొదట్లో గిన్నెలు నిండుగానే ఉన్నాయి. ఇరవై దాటాక చినుకులు మొదలయ్యాయి. ఆఫీసరు గొడుగు కింద నుంచి "జల్దీ, జల్దీ" అంటున్నాడు. గిన్నెలు సగం సగం పడ్డాయి. ఒకటి రెండు ఉత్త నీళ్ళే పడ్డాయి. నేను దడి పక్కనే కూర్చుని చూశాను.

యాభయ్యో గిన్నె కాగానే తాత నడుం పట్టుకుని లేచాడు. "పదివేలు సార్. అటో ఇటో."

"ముట్టినట్టు ఇంగ్లీషులో రాసివ్వండి, పైకి పంపాలి. రాసేవాళ్ళున్నారా?"

నాయిన చెయ్యి పైకి లేచింది. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "నా బిడ్డ రాస్తది సార్. ఇంగ్లీషు సదువుతాంది."

కట్ట మీద తలగుడ్డలన్నీ నా వైపు తిరిగాయి. నాయిన తన తువ్వాలతో ఒక రాయి తుడిచి నన్ను దాని మీద కూర్చోబెట్టాడు. ఆఫీసరు తెల్లకాగితం, పెన్ను ఇచ్చాడు. వాపు చేత్తో పెన్ను పట్టుకున్నాను. మాకు ముట్టినవి అనేదాకా బాగానే వచ్చింది. తర్వాత అంకె రాయాలి. అంకెకు ముందు తాత అన్న 'అటో ఇటో' రాయాలి.

అబౌట్ అని రాద్దామంటే అది ఎడమ పక్క మాట. ఆఫీసరు పెద్దమనిషి. రేపు ఈ కాగితం మా సారు చేతిలో పడితే? పోనీ ఆ జెర్రి మాట రాద్దామంటే, ఇదేంటో చదువు అని ఆఫీసరు అడిగితే? పొద్దున క్లాసులో ఆగిపోయినట్టు నాయిన ముందు, ఊరంతటి ముందు ఆగిపోతే? పెన్ను గాల్లో ఉండిపోయింది. కాగితం మీద వాన చుక్క ఒకటి పడింది.

"ఏంటమ్మా ఆగిపోయావు? తడుస్తోంది."

భయంలో ఏదీ రాయలేదు. పదివేలు అని అంకె ఒక్కటే వేశాను. సున్నాలు గుండ్రంగా, నున్నగా వచ్చాయి. చూడ్డానికి ఎంత బాగుందో! దాని కింద తాత వేలిముద్ర వేశాడు. కాపలా మనిషిగా నాయినా వేశాడు. ఏం రాశావని అడగలేదు. సిరా అంటిన బొటనవేలు నా బుగ్గకు రాసి నవ్వాడు.

మూడు రోజులూ వాన పడింది. అమ్మ అప్పుడు రావల్కోల్‌లో పుట్టింట ఉంది, నాట్లకు కూలి పోయేది. రెండో రోజు నాయిన నన్ను దడి దగ్గర కూర్చోబెట్టి సైకిల్ మీద వెళ్ళి అమ్మను చూసి, క్యానులో సల్ల, అంటే మజ్జిగ, పోయించుకుని గంటలో వచ్చాడు. జొన్నరొట్టెలో ఆ సల్ల పోసుకుని కట్ట మీద ఇద్దరం తిన్నాం. చచ్చి తేలిన పిల్లల్ని నాయిన దోసిళ్ళతో తీసి గట్టు మీద వేస్తుంటే కాకులు, కొంగలు తినిపోయాయి. అది ప్రతి ఏడూ ఉండేదే. ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు.

ఆ ఏడాది మాత్రం మూడు రోజులు నిండగానే ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. దడి విప్పేముందు మళ్ళీ కొలవమన్నాడు. తాత "లాభం" అని మొదలుపెట్టి నలభై ఒకటి దగ్గర ఆగాడు. గిన్నె అడుక్కంటా పోనిచ్చి చూశాడు. ఇంక లేవు.

"కాగితంలో పదివేలు ఉంది. మిగతావి ఏవి?"

"అటో ఇటో అన్న గద సార్."

"కాగితంలో అటో ఇటో లేదు. పదివేలు అని ఉంది."

ఇప్పుడందరూ నా వైపు తిరుగుతారని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఎవరూ తిరగలేదు. తాత తల గోక్కుని పక్కవాళ్ళతో అన్నాడు, "ఇంగ్లీషుల గసొంటి మాటలు ఉండయ్ కావచ్చురా." అందరూ నిజమే అన్నట్టు తలలూపారు. దొంగకు తేలు కుట్టినట్టు నేను నోరు మూసుకున్నాను.

ఆఫీసరు అరవలేదు, తిట్టలేదు. సంఘం తేల్చి చెప్పేదాకా వచ్చే ఏడాది చేప పిల్లలు రావని మామూలుగా చెప్పి జీపు ఎక్కాడు. ముప్పై ఇళ్ళ పొయ్యి ఆ కుంట మీదే ఉంది. జీపు మలుపు తిరిగేలోపే ఎవరో అన్నారు, "క్యాను తీస్కొని రావల్కోల్ పోయిండు గద." ఇంకొకరు అందుకున్నారు, "బామ్మర్దికి మోటబాయి ఉన్నది. బాయిల ఏసి పెంచితే ఎవనికెరుక?" సాయంత్రానికి ఊరంతా అదే మాట. సల్ల క్యానులో చేప పిల్లలు ఈదడం కళ్ళారా చూసినవాళ్ళు కూడా తయారయ్యారు.

నాయిన ఒక్కటే అన్నాడు. "నేను తియ్యలే." రెండోసారి అనలేదు.

మా వాళ్ళలో ఇలాంటి పంచాయితీకి ఒకటే దారి. ఒట్టు. దొంగతనం మోపబడ్డవాడు తలస్నానం చేసి, తడిబట్టలతో కుంటలో మోకాటి లోతున నిలబడి, కన్నబిడ్డ తల మీద చెయ్యిపెట్టి చెప్పాలి. చెప్తే అయిపోయినట్టే, ఇంకెవరూ మాటనరు. అబద్ధమైతే గంగమ్మ ఆ బిడ్డను తీసుకుంటుంది. చెప్పకపోతే మళ్ళీ వానలదాకా కుంటలో కాలు పెట్టకూడదు. ఆఫీసరు వచ్చి వెళ్ళిన నాలుగో రోజు పొద్దున ఒట్టు అన్నారు. ఏం చెప్పాలో కూడా తాత చెప్పాడు. కాగితంలో రాసిన పదివేలూ కుంటలోనే పడ్డాయి, ఒక్కటీ బయటికి పోలేదు అని.

ఆ మాట నేను పక్కనే నిలబడి విన్నాను. నాయిన దొంగ కాదు. కానీ ఆ పదివేలు అబద్ధం. సగం గిన్నెలు, నీళ్ళ గిన్నెలు నేను చూశాను. నాయిన పాపం నా కాగితాన్ని నమ్మి నిజమే అనుకుని ఒట్టేస్తాడు. ఒట్టు అబద్ధమైపోతుంది. తల నాది.

"అవ్వా, తెల్వక అబద్ధం ఒట్టేస్తే గూడ గంగమ్మ తీస్కపోతదా?"

అవ్వ పరకలు ఎండేస్తోంది. "గంగమ్మకు తెల్సి, తెల్వక ఉంటదానే? నా సిన్నప్పుడు ఒకడు గిట్లనే కొడుకు మీద ఒట్టేసిండు. ఎనిమిదోనాడు పోరడు సెంబు పట్కొని నీళ్ళకు పోయిండు. సెంబు తేలింది." అంటూ పరక తిరగేసింది. "నీకేందే బుగులు? మీ నాయిన తియ్యలేదు గద."

ఆ నాలుగు రోజులూ నేను కుంట ఛాయలకు పోలేదు. చెంబులో నీళ్ళు చూసినా పక్కకు జరిగేదాన్ని. స్నానం చెయ్యనని మొండికేస్తే అవ్వ నవ్వింది. "చెరువు మీద అలిగి కడుక్కోనోని తీరు జేస్తానవ్ గదే!" కలలో గోరంత పిల్లలు నా జుట్టులోకి దూరి ఈదేవి. లేచి తల తడుముకునేదాన్ని. రెండో రోజు నాకొక ఉపాయం తోచింది. జుట్టు లేకపోతే ఒట్టు పట్టు దొరక్క జారిపోతుందేమో.

"అవ్వా, నాకు గుండు జేయించు."

"ఏం మొక్కున్నదే?"

"పేలు. మస్తున్నయ్."

అవ్వ నన్ను ఒళ్ళోకి లాక్కుని గంటసేపు వెతికింది. ఒక్కటీ దొరకలేదు. ఒట్టు ముందర ఆడపిల్లకు గుండేమిటని కసిరి, దండిగా ఆముదం పెట్టి, బిగించి రెండు జడలేసింది. ఆ జడలు నన్ను నీళ్ళలోకి లాగడానికి కట్టిన తాళ్ళలా అనిపించాయి.

ఇక మిగిలింది సారు. మూడో రోజు బడి వదిలాక ఆయన సైకిల్ దగ్గర నిలబడ్డాను.

"సార్, కాయితంల అంకె ఒక్కటే రాసి, సుమారు అన్న మాట మనసుల అనుకుంటే సాల్తదా?"

ఆయన ఇదేదో పరీక్ష సంగతి అనుకున్నారు. మొదటిసారి నా వైపు చూసి నవ్వారు. "మనసులో ఉన్నదానికి మార్కులుండవమ్మా. కాగితం మీద లేనిది లేనట్టే."

"మరి అబౌట్ అని రాసినా నడుస్తుండెనా సార్?"

"ఏమీ రాయకపోవడం కన్నా నయమే కదా. ఇంటి మాటైతే ఒక మార్కు పోతుంది. అసలు రాయకపోతే లెక్కే తప్పవుతుంది."

సైకిల్ ఎక్కి వెళ్ళిపోయారు. ఒక్క మార్కు! ఆ ఒక్క మార్కుకు, రెండు బెత్తం దెబ్బలకు భయపడి నేను ఇంత పని చేశాను. దారంతా ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను. నాయిన వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. ఇప్పుడు చెప్పేస్తాననుకున్నాను. దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. వల కన్నులోంచి నన్ను చూసి, "ఏంది బిడ్డా, సారు కొట్టిండా?" అన్నాడు. ఊరంతటి ముందు తువ్వాలతో రాయి తుడిచి కూర్చోబెట్టిన మనిషికి నీ బిడ్డకు రాయడం రాలేదని ఎలా చెప్పను? అవునని తలూపాను. అరచెయ్యి తీసుకుని ఊదాడు.

నాలుగో రోజు పొద్దున అవ్వ నా నెత్తిన చల్లటి నీళ్ళు పోసింది. కట్ట మీద ముప్పై ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. అమ్మ కూడా రావల్కోల్ నుంచి వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని ఒక పక్కన నిలబడింది. గంగమ్మ రాయికి పసుపు పూశారు. నాయిన తడిబట్టలతో నీళ్ళలోకి దిగి నా చెయ్యి పట్టుకుని దింపాడు. నీళ్ళు నాకు నడుందాకా వచ్చాయి. కాళ్ళకింద బురద మెత్తగా దిగబడుతోంది. గంగమ్మ అప్పుడే పట్టుకుందనుకున్నాను. చెప్పాలి, ఇప్పుడైనా చెప్పాలి అనుకుంటున్నాను. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు.

"ఇగ కానియ్యిరా," అన్నాడు తాత.

నాయిన చెయ్యి లేచింది. వేళ్ళ చివరి నుంచి నీళ్ళు నా ముక్కు మీద పడ్డాయి. నేను కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపో. తల మీద బరువు పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆ చెయ్యి నా తలకు జానెడు పైన ఆగి ఉంది.

"తాతా, నేను తియ్యలే. గది ఏడ జెప్పుమన్నా జెప్త. గుళ్ళె జెప్పుమను, అగ్గిల నిలవడి జెప్పుమను," అన్నాడు నాయిన. "గని పదివేలు అని నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి జెప్ప. నీళ్ళల్ల లెక్క ఎవలకెరుక? నువ్వు ముంచిన గిన్నెల ఎన్ని వచ్చినయో నీకెరుకనా? ఎన్ని సచ్చినయో నాకెరుకనా? ఎరుక లేనిదాని మీద బిడ్డను పెడ్తనా?"

కట్ట మీద ఎవరో మెల్లగా అన్నారు, "తీసిండు గనుకనే ఎయ్యలే." ఆ మాట కట్ట పొడుగునా పాకింది. తాత కుంట వైపు చూస్తూ, "మల్ల వానలదాక దిగకు," అన్నాడు. నాయిన సరేనన్నాడు. నన్ను ఎత్తుకుని గట్టెక్కాడు. అంత పెద్దపిల్లను ఎత్తుకున్నాడు. ఆయన మెడ పట్టుకుని భయం తీరా ఏడ్చాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు సంతోషంగా కూడా ఉంది. బతికిపోయాను కదా. ఆ సంతోషం తలుచుకుంటేనే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ ఏడాదంతా నాయిన మేడ్చల్ దారిలోని ద్రాక్షతోటల్లో కూలికి పోయాడు. ఇప్పుడు ఆ తోటలూ లేవు. సాయంత్రం వస్తే ఒంటి నుంచి ద్రాక్ష తీగలకు కొట్టే మైలుతుత్తం మందు వాసన. వేళ్ళు నీలంగా ఉండేవి. రాలిన ద్రాక్షలు తువ్వాల మూటలో తెచ్చి నా ముందు విప్పేవాడు. తియ్యగా, కొంచెం మగ్గిపోయి ఉండేవి. ఆయన వేళ్ళ వైపు చూడకుండా తినేదాన్ని. మళ్ళీ వానలకు సంఘం పిలిచింది. వెళ్ళాడు. వల వేశాడు, అందరితో కలిసి నవ్వాడు. కానీ బతికున్నంతకాలం చేప పిల్లల కాపలా మాత్రం మా నాయినకు మళ్ళీ ఇవ్వలేదు.

చెప్పడానికి చాలాసార్లు వెళ్ళాను. ఉద్యోగం వచ్చినప్పుడు వెళ్ళాను. ఆయన మంచం పట్టినప్పుడు పక్కన కూర్చుని, "నాయినా, ఆ కాయితం..." అన్నాను. "ఏ కాయితం బిడ్డా?" అన్నాడు. ఏం లేదన్నాను. ఆయన అన్న 'ఎవలకెరుక' అనే మాటకే కదా ఇంగ్లీషులో ఆ జెర్రంత పేరు. అక్షరం ముక్క రాని మనిషి దాన్ని నీళ్ళలో నిలబడి ఊరంతటి ముందు పలికాడు. అక్షరం వచ్చిన నేను కాగితం మీద పెట్టలేకపోయాను.

నిన్న మొదటిసారి ఇదంతా మనవరాలికే చెప్పాను. కథంతా నోరు తెరుచుకుని విన్నది. అంతా విని ఒకటే అడిగింది.

"ముత్తాత నిజంగా తియ్యలేదా అమ్మమ్మా? నా మీద ఒట్టా?"

నా చెయ్యి పట్టుకుని తన తల మీదికి లాక్కుంది. గబుక్కున వెనక్కి తీసుకున్నాను. ఆయన తియ్యలేదని నాకు నా పేరు తెలిసినంత గట్టిగా తెలుసు. అయినా చెయ్యి ఆ తల మీద నిలవలేదు.

"ఒట్టు వద్దు. రాసుకో," అన్నాను.

కాగితం వెనక్కి తిప్పించాను. ఒక్కో మాటే చెప్పాను. మాకు ముట్టిన చేప పిల్లలు, అప్రాక్సిమేట్లీ, పదివేలు. ఇంగ్లీషులో చకచకా రాసేసింది. ఆ పొడుగు మాట దగ్గర దాని చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"ఇది ఫార్మలే కదా అమ్మమ్మా?"

"ఫార్మలే."

"అయిపోయిందా మరి?"

కింద రెండు వేలిముద్రలకు చోటు వదలమన్నాను.